ప్రభ స్టేజీ మీద వాల్వ్ ఆంప్లిఫయర్

2015 మహాశివరాత్రికి వినుకొండ దగ్గర ఒక ఊరివాళ్లు మొక్కుగా కట్టే లైట్ల ప్రభ ముందు మా ఆర్కెస్ట్రాకు ప్రోగ్రాం కుదిరింది. అప్పటికి నేను అందులో లీడ్ గిటారిస్టుని. ఉద్యోగమంటే ఆఫీసు, ఫైళ్లు, పెన్షను ఉండాలనుకునేవాళ్లకు ఇది ఉద్యోగంలా కనిపించకపోవచ్చు. కానీ గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్లకూ పెళ్లిళ్లకూ తిరిగే ఆర్కెస్ట్రాల్లో హోదాలు చాలా కచ్చితంగా ఉంటాయి. అందరికన్నా పైన ఆర్గనైజరు. బేరం, బండి, భోజనం ఆయన చేతిలో ఉంటాయి. తర్వాత కీబోర్డు వాయించేవాడు, ఎందుకంటే పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో అతనే చెబుతాడు. ఆ తర్వాత లీడ్ గిటారు. రిథమ్ ప్యాడ్లు, బేస్ గిటారు మా వెనక. పాడేవాళ్లు ఈ వరసలో ఎక్కడా ఇమడరు. జనం వచ్చేదే వాళ్లకోసం కాబట్టి వాళ్లమీద ఎవరి పెత్తనమూ చెల్లదు.

వేళ్లు మొరాయించడం మొదలుపెట్టాక నేను స్టేజీ దిగేశాను. ఇప్పుడు గిటారు నేర్చుకునే కుర్రకారు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లు అడిగేది నా వాయిద్యం గురించి కాదు, నా ఆంప్లిఫయర్ గురించి. ఎక్కడ దొరికింది, నాబ్‌లు ఎంతెంత మీద పెట్టారు, ఆ సౌండు ఫోన్లో యాప్‌తో వస్తుందా అని. మొదటి రెండింటికీ జవాబు చెబుతాను. మూడోదానికి నాకు కోపం వస్తుంది.

గిటారు తీగ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బక్కది. దాన్ని ఒక వాల్వ్, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టం, పెంచి రెండో వాల్వ్‌కు ఇస్తుంది, రెండోది మూడోదానికి. అలా పెంచుకుంటూ పోతే ఒక దశలో వాల్వ్ మోయలేక సిగ్నల్ కొసలు నలిగిపోతాయి. జనం ఈలలు వేసే ఆ కరుకు మోత అలా నలిగిన శబ్దమే. బాగా నలగ్గొట్టగలిగిన వాటిని హై గెయిన్ ఆంప్లిఫయర్లంటారు. నాది ఎనభైలనాటి బ్రిటిష్ తయారీ, వంద వాట్లది. స్పీకరు పెట్టె వేరు, దానిమీద పెట్టే ఆంప్లిఫయరు వేరు. పైదాన్ని హెడ్ అంటారు. లోపల రెండు ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కాబట్టి ఎత్తేటప్పుడు నడుం జాగ్రత్తగా చూసుకోవాలి.

అది నాకు గుంటూరులో ఒక చర్చి సామాన్ల గదిలో దొరికింది. ఎప్పుడో పాటలు పాడటానికి వచ్చిన విదేశీ బృందం ఒకటి తిరిగి మోసుకుపోలేక వదిలేసిందట. పక్కనే మిర్చి కోల్డ్ స్టోరేజి. ఏళ్ల తరబడి గాలిలో వచ్చిన మిరప దుమ్మంతా దాని జాలీ గుండా లోపలికి చేరింది. నేను వెనక పలక విప్పి ఒక్కసారి ఊదేసరికి పాస్టరు గారూ నేనూ తుమ్ముతూ గదిలోంచి బయటికి పరుగెత్తాం. ఆయన చాలా మంచివారు, కానీ ఓపిక తక్కువ. లోపలికి రాగానే ప్లగ్గు చేత్తో పట్టుకుని, "పెట్టి చూద్దామండీ, పలికితే మీ అదృష్టం" అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

పాత వాల్వ్ ఆంప్లిఫయర్ కొనేవాళ్లు మొదట నేర్చుకోవలసింది ఇదే. స్పీకరు తగిలించకుండా దాన్ని వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, అలాంటిది మళ్లీ దొరకదు. ఏళ్లుగా నిద్రపోతున్న కెపాసిటర్లకు ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే అవి పేలొచ్చు. అందుకని ముందు ట్రాన్స్‌ఫార్మర్లు వాసన చూడాలి. కాలిన వార్నిష్ వాసన వస్తే దండం పెట్టి వచ్చేయాలి. స్క్రూల తలలు చూడాలి. గీతలు పడి ఉంటే ఎవరో లోపల చేతులు పెట్టారని అర్థం. అన్నీ బాగుంటే వేరియాక్ అనే పరికరంతో, అంటే తిప్పేకొద్దీ వోల్టేజి పెంచే తీగచుట్టతో, మెల్లమెల్లగా మేల్కొలపాలి. ఇదంతా నేను నేలమీద కూర్చుని చేస్తుంటే పాస్టరు గారు, "మాకన్నా మీరే దీనికి ఎక్కువ ప్రార్థన చేసేట్టున్నారే" అని నవ్వారు.

దానిలో నాకు నచ్చనిది ఒక్కటే కనిపించింది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను కత్తిరించేసి, తీగ కూడా రెండు పోగులది వేసి ఉంది. మన ఆర్కెస్ట్రాల్లో ఇది మామూలు వ్యవహారం. ఎర్త్ తగిలిస్తే కొన్నిసార్లు స్పీకర్లో గుయ్‌మని మోత వస్తుంది, కత్తిరిస్తే పోతుంది. కానీ ఆ ఇనుప పెట్టెలో ఎక్కడైనా కరెంటు లీకైతే దాన్ని నేలలోకి దించేది ఆ తీగే. అది లేనప్పుడు కరెంటు గిటారు తీగల్లోకి వచ్చి ఎవరో ఒకరి వేళ్లకోసం కాచుకుని ఉంటుంది. సంగీతంలోకి రాకముందు నేను ఐటీఐలో రేడియో మెకానిజం చదివాను. ఇంటికి తేగానే ముందు ఆ రెండు పోగుల తీగ పీకేసి మూడు పోగులది వేశాను.

సౌండు సెట్ చేయడానికి చాలా కాలం పట్టింది. అప్పట్లో మా ఇల్లు గుంటూరు శివార్లలో, పత్తి జిన్నింగ్ మిల్లు వెనక ఉండేది. వర్షాకాలమంతా నాబ్‌లు ఎలా తిప్పినా శబ్దం రేకు డబ్బా మోగినట్టు ఉండేది. పత్తి రావడం మొదలై మిల్లు మోటార్లు తిరిగాక ఒకరోజు గిటారు ముట్టుకుంటే, నేను జీవితమంతా వెతుక్కున్న సౌండు దానంతట అదే వచ్చింది. మిల్లు తిరిగేటప్పుడు మా వీధిలో వోల్టేజి పడిపోయేది. తక్కువ వోల్టేజికి వాల్వులు తొందరగా నలిగి, మెత్తగా, ముద్దగా పలికేవి. ఆ తర్వాత మిల్లు తిరిగినా తిరగకపోయినా వేరియాక్‌తో అంతే వోల్టేజి ఇచ్చుకున్నాను. నాబ్‌ల సంగతికొస్తే, గెయిన్ సగం దాటి కొద్దిగా, బేస్ పావు, మిడ్ ముప్పావు, ట్రెబుల్ సగం, ప్రెజెన్స్ దాదాపు మూసి. కుర్రాళ్లు గెయిన్ నిండా తిప్పుతారు. అప్పుడు ఏ స్వరం ఏదో తెలియదు, మోత మాత్రమే మిగులుతుంది. మా ఆవిడ మాత్రం ఆ వేడి చూసి, "ఇంత కాగుతోంది కదా, దీనిమీద పాలగిన్నె పెట్టుకోనివ్వండి, గ్యాసన్నా మిగులుద్ది" అనేది.

ఇంకొక్క సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. హై గెయిన్ ఆంప్లిఫయర్లు ఎంత బాగున్నా ఖాళీగా ఉన్నప్పుడు సన్నగా మూలుగుతూనే ఉంటాయి. మన కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది కాబట్టి ఆ మూలుగు గిటారులో జి స్వరానికి ఒక వెంట్రుకవాసి పైన ఉంటుంది. గిటారు వాయించేవాడి చెవికి అది తెలిసిపోతుంది. జనరేటరు మీద వాయించేటప్పుడు ఇంజను వేగం పెరిగితే ఆ మూలుగు శ్రుతి కూడా పెరుగుతుంది. పాత జనరేటర్లలో వేగంతో పాటు వోల్టేజీ పెరుగుతుంది. అంటే మీటరు చూడకుండానే, వెనక ఎవడు ఏం చేస్తున్నాడో నాకు వినిపిస్తుంది.

శివరాత్రి ప్రభ చూడనివాళ్లకోసం నాలుగు మాటలు. వెదుళ్లతో, ఇనుప గొట్టాలతో ఆకాశానికి లేపిన చట్రానికి గుడ్డలు కట్టి, నిండా రంగు లైట్లు అల్లి, ఊరూరా మొక్కుగా శివాలయం ఉన్న కొండ కిందికి తెస్తారు. దాని ముందు ట్రాక్టరు ట్రక్కులు రెండు జతచేసి స్టేజీ వేస్తారు. ఏ ఊరి ప్రభ ఎత్తు, ఎవరి లైట్లు ధగధగ, ఎవరి ఆర్కెస్ట్రాకు జనం ఎక్కువ అన్నది ఆ ఊళ్లకు ఏడాది పొడుగునా సరిపోయే ముచ్చట. పక్క ప్రభ వెలగగానే మన జనరేటరు పెంచి లైట్లు ఇంకా మండించడం అక్కడ అందరూ చేసే పని. బల్బులు మాడినా సరే, పక్క ఊరిదాని ముందు మనది మసకగా కనిపించకూడదు. ప్రభ దేవుడిది కాబట్టి స్టేజీ ఎక్కేవాళ్లెవరూ చెప్పులు వేసుకోరు. మా గుంటూరు మస్తాన్ దర్గాలో ఎలా వదులుతానో అక్కడా అలాగే వదిలేసేవాణ్ణి.

మేం మధ్యాహ్నమే చేరాం. మా ఆర్గనైజరు రత్నాకర్ కమిటీ వాళ్లతో భోజనాల మాటల్లో ఉంటే నేను నా సామాను దించుకుని ముందు కరెంటు చూశాను. అది నా పద్ధతి. జనరేటరు దగ్గర ఒక ఎర్త్ కడ్డీ ఉంది. ప్రభ ఇనుప చట్రానికీ, మా ట్రక్కులకూ, స్టేజీ ప్లగ్గులకూ కలిపి ఇంకో కడ్డీ వేరేగా పాతారు. పద్ధతి ప్రకారం సరిగ్గానే ఉంది. కానీ ఆ కడ్డీ పాతింది నల్లరేగడిలో. పత్తి పీకేసిన చేను, మాఘమాసపు ఎండ, చెయ్యి దూరేంత నెర్రెలు. కడ్డీ చుట్టూ మట్టి విడిపోయి, పట్టుకుని కదిపితే ఊడబోయే పన్నులా ఊగింది.

నా పెట్టెలో ఎప్పుడూ ఒక టెస్ట్ లాంపు ఉంటుంది. హోల్డరులో మామూలు బల్బు, రెండు తీగలు, అంతే. ఒక తీగ కరెంటుకు, రెండోది ఎర్త్‌కు పెడితే, ఎర్త్ బాగుంటే బల్బు నిండుగా వెలుగుతుంది. ఇక్కడ లోపలి తీగ ఎర్రగా కనిపించీ కనిపించనట్టు మెరిసింది. అంటే ఆ ఎర్త్ తీగ నేలలోకి పోవడం లేదు. ప్రభనీ స్టేజీనీ కలిపి కట్టిన తాడు అది, అంతకన్నా ఏమీ కాదు. చట్రం మీద ఎక్కడ ఒక్క లైటు తీగ ఒలిచి తగిలినా ఆ కరెంటు మా స్టేజీ ఇనుమంతా పాకి నిలబడిపోతుంది. మైకుల సంగతి ఇంకా దారుణం. మిక్సరు, పెద్ద స్పీకర్ల ఆంప్లిఫయర్లు కింద నేలమీద ఇనుప బల్లలపై ఉన్నాయి. దుమ్ము లేవకుండా ఆ నేలంతా ట్యాంకరుతో తడిపారు. మైకు ఇనుము వైరు గుండా ఆ బల్లలకే కలుస్తుంది, అంటే మైకు ముట్టుకుంటే తడినేలను ముట్టుకున్నట్టే. కాళ్లు స్టేజీ ఇనుము మీద, చెయ్యి తడినేల మీద. అదీ చెప్పులు లేకుండా.

జనరేటరు నడిపే కోటయ్యకు చెప్పాను. ట్యాంకరు నీళ్లు కడ్డీ మొదట్లో పోయించు, ఉప్పు వెయ్యి, రేగడి తడిస్తే ఉబ్బి కడ్డీని పట్టేసుకుంటుంది అని. కోటయ్య బీడీ పక్కకు పెట్టి, "ఏందన్నా, ప్రతి ఏడూ ఇట్టాగే పాతతన్నాం. ఎవుడన్నా చచ్చాడా?" అన్నాడు. నీళ్లు ఎడ్లకూ, దుమ్ముకూ సరిపోవని, కమిటీ పెద్ద సాంబయ్య గారిని అడగాలని అన్నాడు. సాంబయ్య గారు కొండమీద పూజలో ఉన్నారు. రత్నాకర్‌ని అడిగితే, "నీ డబ్బాకి ఒక్కదానికే మూడో పిన్ను. దాన్ని కూడా కత్తిరించేయవయ్యా మీరావలీ, అందరికీ సుఖం" అన్నాడు. నా ఒక్కడి ఎర్త్ కత్తిరిస్తే స్టేజీ ఇనుము మంచిదైపోతుందా అని అడిగితే అతనికి వినే ఓపిక లేదు. సాయంత్రం చూద్దాంలే అన్నాడు. సాయంత్రం చూడవలసిన పని కాదు అది.

పొద్దు వాలింది. నేను ఆంప్లిఫయరు ఆన్ చేసి వాల్వులు వేడెక్కనిచ్చాను. మాస్టర్ వాల్యూమ్ కొద్దిగా తెరిచి మూలుగు వినబడేటట్టు ఉంచాను. టెస్ట్ లాంపును స్టేజీ ప్లగ్గుకూ ట్రక్కు ఇనుముకూ మధ్య తగిలించి, హెడ్ మీదే వేలాడదీశాను. గిటారు మాత్రం స్టాండు మీదే ఉంచాను. ఆ కడ్డీకి నీళ్లు పోసి ఈ బల్బు నిండుగా వెలిగేదాకా నేను గిటారు మెడలో వేసుకోను, మైకులు ఎవరూ ముట్టుకోవద్దు అని అందరికీ వినపడేట్టు చెప్పాను. రత్నాకర్ ముఖం ఎర్రబడింది. పక్క ఊరి ప్రభ అప్పటికే వెలిగింది, వాళ్ల ఆర్కెస్ట్రా మొదటి పాట ఎత్తుకుంది. మన ముందు కూర్చున్న జనంలో కొందరు లేచి అటు నడుస్తున్నారు.

"నీ గిటారు లేకపోయినా పాట ఆగదు. కమలా, నువ్ మొదలుపెట్టమ్మా" అన్నాడు రత్నాకర్.

కమల మా గాయని. పిడుగురాళ్ల అమ్మాయి. ఇద్దరు పిల్లల తల్లి. నాతో ఆరేడేళ్లుగా పాడుతోంది. మైకు స్టాండు దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి, మధ్యలో ఆపింది. నావైపు తిరిగి, "మీరా అన్నా, పట్టుకోమంటావా?" అని అడిగింది.

వద్దమ్మా అన్నాను. అంతకన్నా వివరించే సమయం లేదు. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. అన్ని వేలమంది ముందు, మైకు ఎదురుగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం పాడేవాళ్లకు ఎంత అవమానమో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఈలలు మొదలయ్యాయి. ఎవరో మా మీదికి చెరుకుముక్క విసిరారు. ఆమె కదల్లేదు. ఆమె అలా నిలబడింది నా మాట మీద. ఒకవేళ నాది ఉత్త చాదస్తమే అయితే ఆమె పేరు ఆ చుట్టుపక్కల ఊళ్లలో పోయినట్టే.

అప్పుడు మూలుగు మారింది. మొదట జి మీద ఉన్నది నెమ్మదిగా పైకి పాకుతూ దాని పై స్వరమైన ఎ దగ్గరికి వచ్చింది. కోటయ్య ఇంజను పెంచుతున్నాడు. పక్క ప్రభను కొట్టడానికి. వెనక్కి చూస్తే మా ప్రభ లైట్లు తెల్లగా మండుతున్నాయి, జనం హోరున అరుస్తున్నారు. పై వరసలో ఏదో చిటచిటమంది. నేను బల్బు వైపు చూశాను. సాయంత్రం నుంచీ ఎర్రగా మెరుస్తున్న ఆ కాస్త వెలుగు కూడా ఆరిపోయింది.

"బల్బు పోయిందయ్యా, ఇంక తీసెయ్యి" అన్నాడు రత్నాకర్.

బల్బు పోలేదు. బల్బుకు రెండు వైపులా కరెంటే ఉంటే అది వెలగదు. మేం నిలబడిన ఇనుము మొత్తానికి కరెంటు వచ్చేసింది. స్టేజీ మీద ఉన్నవాళ్లం అందరం దానిమీదే నిలబడి ఉన్నాం కాబట్టి బతికి ఉన్నాం. దిగితే, లేదా మైకు ముట్టుకుంటే పోతాం. కిందనుంచి తడినేల మీద నిలబడి ట్రక్కును పట్టుకున్నవాడూ పోతాడు. నేను ఒళ్లు తెలియకుండా అరిచాను. ఎవరూ దిగొద్దు, ఏదీ ముట్టుకోవద్దు అని.

సరిగ్గా అప్పుడే సాంబయ్య గారు వచ్చారు. తెల్ల పంచె, నుదుట విభూతి, ఉత్త కాళ్లు. పాట మొదలు కాలేదని తెలిసి జనాన్ని తోసుకుంటూ స్టేజీ ముందుకు వచ్చి, నన్ను చూస్తూ, ట్రక్కు అంచు పట్టుకుని ఎక్కబోయారు. నేను ఆగండాగండి అని అరిస్తే ఆయనకు ఇంకా మండింది. "నా ఊరి ప్రభ మీద నన్నే ఆగమంటావేందిరా!" అని చెయ్యి చాపారు.

"బాబాయ్! చెయ్యి తియ్యి! కరెంటొచ్చింది!" అని కమల గొంతు చించుకుంది. మైకు లేకుండా ఆ గొంతు ఎంత దూరం పోతుందో ఆ రోజు విన్నాను. సాంబయ్య గారి చెయ్యి ఇనుముకు జానెడు దూరంలో ఆగింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, వెనకవాళ్లను కూడా చేతులతో నెట్టారు.

ఇప్పుడు కోటయ్య ఆపాలి. స్టేజీ స్విచ్చు ఆపితే లాభం లేదు, కరెంటు వస్తున్నది ప్రభ చట్రం నుంచి. కోటయ్య మాకు వెనకగా, ఇంజను హోరులో, తలెత్తి లైట్లు చూసుకుంటున్నాడు. అరుపులు అతనికి వినపడవు. కింద ఉన్నవాళ్లు పరుగెత్తారు కానీ జనంలోంచి దారి దొరకడం లేదు. ఎవరు ఏ క్షణంలో చట్రాన్ని ఆనుకుంటారో తెలియదు. నాకు ఒక్కటే మార్గం కనిపించింది. సాయంత్రం నుంచీ ముట్టుకోనని భీష్మించిన గిటారు తీసుకున్నాను. నా ఆంప్లిఫయరు మూడో పోగు స్టేజీ ఇనుముకే కలిసి ఉంది కాబట్టి, గిటారు తీగలకూ నా కాళ్లకూ మధ్య వోల్టేజి తేడా లేదు. లెక్క ప్రకారం నాకేమీ కాదు. లెక్క తెలుసు, అయినా తీగల మీద చెయ్యి వేసేముందు భయంతో కళ్లు మూసుకున్నాను.

ఏమీ కాలేదు. మాస్టర్ నిండా తిప్పి, గిటారును స్పీకరు ఎదురుగా పట్టి పై తీగ లాగాను. హై గెయిన్ ఆంప్లిఫయరుకు అంత దగ్గరగా గిటారు పెడితే సౌండు తిరిగి తీగలోకే వెళ్లి కేక పుడుతుంది, చెవుల్లో సూది గుచ్చినట్టు ఉంటుంది. మామూలుగా దాన్ని రానివ్వకుండా చూసుకోవడమే మా పని. ఆ రోజు దాన్ని వదలకుండా పట్టుకున్నాను. జనం చెవులు మూసుకున్నారు. కోటయ్య ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. నేను తీగలు మీటే పిక్కు పట్టుకున్న చెయ్యి పైకెత్తి, మెడ కోసినట్టు అడ్డంగా ఆడించాను. స్టేజీ మీద ఏ ఊరివాడికైనా అర్థమయ్యే సైగ అది. అతను మెయిన్ లాగేశాడు.

ప్రభ మొత్తం ఒక్కసారిగా చీకటైపోయింది. పక్క ఊరివాళ్లు కేరింతలు కొట్టారు. శివరాత్రి పూట ప్రభ ఆరిపోవడం ఆ ఊరికి ఎంత చిన్నతనమో నాకు తెలుసు. మా ముందున్న జనంలో కొందరు ఆడవాళ్లు అపశకునమని ఏడ్చారు కూడా.

టార్చిలైట్లతో వెతికితే పై వరసలో ఒక లైట్ల తీగ, ఇనుప గొట్టానికి కట్టుతీగతో బిగించిన చోట, తోలు కరిగి రాగి బయటపడి గొట్టానికి అతుక్కుని ఉంది. ఎక్కువ వోల్టేజికి వేడెక్కి కరిగిందని చెప్పనక్కర్లేకుండా కనిపిస్తోంది. కోటయ్య దాన్ని చూశాడు, నావైపు చూశాడు. తనే వెళ్లి ట్యాంకరు తోలుకొచ్చి కడ్డీ మొదట్లో పెట్టి మొత్తం నీళ్లు వదిలాడు. మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఉప్పు బస్తా తెచ్చి కుమ్మరించాడు. పక్కనే ఇంకో కడ్డీ కూడా దిగ్గొట్టాం. రేగడి ఆ నీళ్లన్నీ తాగింది. ఆ లైట్ల వరస విప్పేశాక మెయిన్ వేసి టెస్ట్ లాంపు పెడితే బల్బు ఇంట్లో వెలిగినట్టు వెలిగింది.

అప్పుడు కూడా కమల మైకు ముట్టుకోలేదు. నేను ముందుకెళ్లి చేతి వెనకవైపుతో మైకు తాకి చూశాను. వెనకవైపుతో ఎందుకంటే, కరెంటు తగిలితే వేళ్లు ముడుచుకుంటాయి, అరచేత్తో పట్టుకుంటే విడిపించుకోలేం. ఏమీ లేదని తలూపాను. ఆమె మైకు తీసుకుని పాట ఎత్తుకుంది. నేను కోటయ్యకు కనిపించేట్టు నిలబడి, మూలుగు జి దాటితే ఇంజను తగ్గించమని సైగ చేస్తూ వాయించాను. సౌండు బాగానే వచ్చింది, కానీ ఆ రోజు దాన్ని పట్టించుకునే స్థితిలో నేను లేను.

ప్రోగ్రాం అయ్యాక సాంబయ్య గారు అందరికీ తాంబూలాలు ఇచ్చారు. నా దగ్గరికి వచ్చేసరికి, "ముందే చెప్పుంటే బాగుండేది గదయ్యా, ప్రభ ఆరిపోకుండా చూసుకునేవాళ్లం" అన్నారు. మీరావలి మధ్యాహ్నం నుంచీ చెబుతూనే ఉన్నాడని కోటయ్య అందుకోబోయాడు. నేనే వద్దన్నాను. మరుసటి ఏడాది వాళ్లు వేరే ఆర్కెస్ట్రాను పెట్టుకున్నారు. శివరాత్రి నాడు ప్రభ ఆర్పించినవాడు మళ్లీ స్టేజీ ఎక్కకూడదని కమిటీలో అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా కుర్రాళ్లు ఆంప్లిఫయరు ఏ వోల్టేజి మీద పెట్టారని అడుగుతారు. అంతకన్నా ముందు ఎర్త్ చూశారా అని నేను తిరిగి అడుగుతాను. ఆ ఘటన నాకు నేర్పింది ఇంతే. స్టేజీ మీద ఏ పరికరాన్నైనా సెట్ చేయడం కాళ్ల కింద నేల దగ్గర మొదలుపెట్టాలి. ఆపవలసినప్పుడు ఆపితే చూపించడానికి ఏమీ మిగలదు, ఆపినవాడి మీద కోపం మాత్రం మిగులుతుంది. ఆ కోపం భరించడం కూడా ఉద్యోగంలో భాగమే. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ, ఏమీ జరగకుండానే మీరావలి గోల చేసి ప్రభ ఆర్పించాడని చెప్పుకుంటారు. వాళ్లు చెప్పేది నిజమే. ఏమీ జరగలేదు. కమల ఈ ఏడాది కూడా శివరాత్రికి పాడింది.